తల్లిగారిల్లు

నాకొక చెల్లెలు ఉండేది. ఆమె పోయినప్పుడు నేను మూడు రోజులు మైల పట్టాను. ఈ రెండు సంగతులూ మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియవు. అమ్మకు నేనొక్కతినే కూతురిని. ఆ మూడు రోజులూ నేను దేవుడి గది వైపు వెళ్ళకుండా, వంటింట్లో ఏదీ ముట్టుకోకుండా, హాల్లో కిటికీ పక్కన చాప వేసుకుని ఉంటే అమ్మ నెలనెలా ఉండేదే అనుకుంది. "ఈసారి ముందుగా వచ్చిందేమిటే?" అని మాత్రం అడిగింది. నేను తల ఊపాను. నోరు తెరవకుండా తల ఊపడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

నాన్నగారికి హైదరాబాదు బదిలీ అయినప్పుడు మేము గుంటూరు నుంచి వచ్చి, మియాపూర్ బస్సు డిపో వెనక ఒక ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాం. ఓనరు గారు తాళం చేతికిచ్చే ముందు తన షరతులు చెప్పారు. గోడలకు మేకులు కొట్టకూడదు. మోటారు పొద్దున ఒక్కసారే వేస్తారు. కాన్పులూ కర్మలూ ఇంట్లో కుదరవు. ఆ చివరిదానికి అమ్మ నవ్వింది.

"కాన్పు ఎవరికండీ? దీనికింకా పెళ్ళే కాలేదు."

"ముందే అనుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదమ్మా," అన్నారాయన.

నా డిగ్రీ అయిపోయింది. ఊళ్ళో అందరి పిల్లల్లాగే నేనూ అమీర్‌పేట వెళ్ళి కంప్యూటర్ కోర్సులో చేరాను. వచ్చేటప్పుడు కూకట్‌పల్లిలో దిగి అద్దె పుస్తకాల దుకాణంలో ఒక నవలో, కథల సంపుటమో తెచ్చుకునేదాన్ని. అట్ట కనిపించకుండా న్యూస్‌పేపరు తొడిగి చదివేదాన్ని. రాత్రి పడుకునే ముందు డైరీ రాసుకునేదాన్ని. అమ్మకు ఇవేవీ తప్పుగా తోచలేదు కానీ, నా మౌనం మాత్రం ఆమెను భయపెట్టేది. "పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పేరడిగితే, అదీ నన్నే చెప్పమంటావా?" అనేది. ఒక గురువారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మా వీధి చివరి భజన మండలికి తీసుకువెళ్ళి అప్పగించి వచ్చింది. నలుగురిలో కలిస్తే మాటలు వస్తాయని ఆమె ఆశ.

మండలి జరిగేది ఒక గులాబీరంగు మేడలో. పిట్టగోడ మీద సిమెంటుతో చేసిన పెద్ద ఓంకారం ఉండేది. ఆ మేడ గలావిడను అందరూ పెద్దమ్మగారు అనేవారు. అరవై దాటిన ముత్తైదువ. నుదుట రూపాయంత బొట్టు, చేతినిండా గాజులు. ఇద్దరూ కొడుకులే, ఆడపిల్లలు లేరు. ఆ లోటు ఆవిడ మాటల్లో ఎక్కడో ఒకచోట దొర్లుతూనే ఉండేది. గురువారం భజన, ఆదివారం అన్నదానం. ఆదివారం తెల్లవారకముందే మేడ కింద షెడ్డులో పొయ్యిలు రాజేసి పులిహోర, దద్ధోజనం చేసేవారు. దేవుడికి నివేదించాక గంగాళాలు వ్యానులో పెట్టుకుని మాదాపూర్ వెళ్ళేవాళ్ళం.

అప్పట్లో మాదాపూర్ అంటే బండలూ, దుమ్మూ, వాటి మధ్య అద్దాలు సగమే బిగించిన ఒక గుండ్రటి కట్టడం. పొద్దస్తమానం ఎక్కడో ఒకచోట రాయి పేలుస్తూనే ఉండేవారు. కట్టడం వెనక రేకులతో, పట్టాలతో వేసిన పాకల్లో పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు ఉండేవారు. మేము వెళ్ళేసరికి పిల్లలు గిన్నెలతో ఎదురొచ్చేవారు. మండలివాళ్ళు ఒక చరణం పాడి, హారతి ఇచ్చి, వడ్డన మొదలుపెట్టేవారు. నేను మంచినీళ్ళు పోసే పని ఎంచుకున్నాను. నీళ్ళు పోసేవాళ్ళు ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

"ఓ అక్కా, నీకు నోరు లేదా?"

అడిగినమ్మాయి నాకంటే రెండు మూడేళ్ళు చిన్నదై ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ముంజేతుల మీద ఎండిన సిమెంటు చారలు. నేను తల ఊపాను.

"ఉన్నదనా, లేదనా? గట్ల ఊపితె ఏం సమజైతది?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. "ఉంది," అన్నాను.

"ఉన్నదంట! దేవుడు పెట్టిండు, ఈమెనే మూసుకున్నది," అని ఆమె తన ఆకు ముందుకు జరిపి, అందులోని పులిహోర చూసి మొహం చిట్లించింది. "మల్ల పసుపు బువ్వనేనా? మీ దేవునికి జర కారం పడదా అక్కా? ఒక్కపారి మిరపకాయ తొక్కు ఏసి పెట్టుండ్రి, సూద్దాం, అలుగుతడేమో."

ఆ వారం డైరీలో నేను రాసుకున్నది ఆ మాటలే. చదువుకుంటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాతి ఆదివారాలు నేను ఆమె కోసం వెతుక్కునేదాన్ని. ఆమె తట్టతో మాలు మోసేది, అంటే కలిపిన కాంక్రీటు. మొగుడు కమ్మీలు కట్టేవాడు. ఎప్పుడూ చేతులు కట్టుకుని పక్కకు నిలబడే మనిషి. వాడికీ నాకూ జోడీ కుదురుతుందని, ఇద్దరినీ ఒక గదిలో పెడితే ఏడాదికి ఒక మాట పుడుతుందని ఆమె ఎగతాళి చేసేది. నా సంచిలో పుస్తకం చూసి ఏమిటని అడిగింది. కథలన్నాను. అయితే ఒకటి చెప్పమంది. నాకు చెమటలు పట్టాయి. కానీ ఆమె అప్పటికే ఇసుక కుప్ప మీద చతికిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

చెప్పాను. మొదట నా గొంతు నాకే వినిపించలేదు. "గట్టిగ," అంది. పక్క పాకలో ఉండే ముసలమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఈ ముసలమ్మే ఆ పాకలన్నిటికీ పెద్దదిక్కు. ఒంట్లో బాగోలేకపోయినా, తగువొచ్చినా అందరూ ఆమె దగ్గరికే పోయేవారు. నేను చదివిన కథలో చివరికి ఆ ఇల్లాలు చనిపోతుంది. అది చెప్పగానే ఇసుక కుప్ప మీద నుంచి గొడవ మొదలైంది.

"గట్లెట్ల సస్తది? ఏం తప్పు జేసింది? మంచిగ చెప్పు."

"పుస్తకంలో అలాగే ఉంది మరి."

"పుస్తకం రాసినోడు ఈడ లేడు గద. నువ్వున్నవు. నువ్వు మంచిగ చెప్పు."

ఆ రోజు నుంచి ఆమెకు చెప్పే కథల చివర్లు నేనే మార్చేదాన్ని. ఇల్లాలు బతికేది. తప్పిపోయినవాడు దొరికేవాడు. అమ్మ అనుకున్నట్టుగానే నాకు మాటలు వచ్చాయి. అయితే అవి భజనలో రాలేదు.

ఎండలు తగ్గి మొదటి వానలు పడేనాటికి ఆమె కడుపుతో ఉన్న సంగతి నాకు తెలిసింది. ఆమె చెప్పలేదు. తట్ట ఎత్తుకునేటప్పుడు ఒక చేత్తో పొట్ట పట్టుకోవడం చూసి నేనే అడిగాను. మొదటి కాన్పు కాబట్టి పుట్టింటికి వెళతావా అని, ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"తల్లిగారిల్లేడున్నదక్కా నాకు? అమ్మ చిన్నప్పుడే సచ్చిపోయింది. నాయిన బొంబాయి పోయిండు, మల్ల రాలె. బతుకమ్మకు అందరు పోతరు, నేనే గీడ ఉంట." చెప్పి, నా మొహం చూసి నవ్వింది. "నువ్వెందుకు మూతి ముడుస్తవు? ఫికర్ చెయ్యకు. మా ముసల్ది లేదా?"

ఆ గురువారం భజన అయ్యాక నేను పెద్దమ్మగారి దగ్గరికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. నాకు నేనుగా వెళ్ళి ఆవిడతో మాట్లాడటం అదే మొదలు. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"అయ్యో, తల్లి లేని పిల్లా! మనమెందుకున్నామే మరి? నాకా ఆడపిల్లలు లేకపోయె. నేనే తొడుగుతాను దాని చేతికి గాజులు."

శ్రావణంలో మంచిరోజు చూసి వెళ్ళాం. ఇంటికొకరుగా ఎనిమిది పది మంది ఆడవాళ్ళు. పళ్ళేలలో పసుపు కుంకుమలు, పువ్వులు, ఆకుపచ్చ గాజులు, ఆకుపచ్చ నూలు చీర. పెద్దమ్మగారు స్వయంగా చలిమిడి చేసి తెచ్చారు. మా వైపు కడుపుతో ఉన్న కూతురికి తల్లి పెట్టే చలిమిడి అది, కడుపు చల్లగా ఉండాలని. పాక ముందు పీట వేసి ఆమెను కూర్చోబెట్టారు. అంత గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు నోరెత్తలేదు. కాళ్ళకు పసుపు రాస్తుంటే వేళ్ళు ముడుచుకుంది. ముంజేతుల మీది సిమెంటు చారలు ఎంత కడిగినా పోలేదు. వాటి మీదే ఆకుపచ్చ గాజులు మెరిశాయి. చివర్న పెద్దమ్మగారు కొంగు పట్టమని, దోసిళ్ళతో బియ్యం పోసి, ఎండుకొబ్బరి గిన్నె పెట్టి ఒడి నింపారు.

అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తున్న ముసలమ్మ ముందుకు వచ్చింది.

"ఒడిబియ్యం పోసినోళ్లే తల్లిగారు. ఇగ ఈ పిల్ల మీ బిడ్డ. కాన్పు మీ ఇంట్లనే."

అందరూ నవ్వారు. పెద్దమ్మగారూ నవ్వి, ఆ పిల్ల బుగ్గ నిమిరారు. "అలాగే, అలాగే. రామ్మా, మా ఇంటికి రాకపోతే ఎక్కడికి వెళతావు?"

"ఇల్లెక్కడమ్మా?" అని అడిగింది ఆమె. ఆ రోజు ఆమె మాట్లాడింది అదొక్కటే.

"మియాపూర్ డిపో దాటి రెండో సందు. గులాబీరంగు మేడ. పైన ఓంకారం ఉంటుంది."

ఆమె పెదాలు కదలడం నేను చూశాను. డిపో, రెండో సందు, గులాబీరంగు, ఓంకారం. మా ఆడవాళ్ళకు అది శ్రావణమాసపు మంచిమాట. అందరం పుట్టింటి గాజుల విలువ తెలిసినవాళ్ళమే. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఎవరూ మాకు నేర్పనక్కర్లేదు. అయినా, వ్యానెక్కాక ఆ ‘అలాగే’ అన్న మాటను ఎవరూ మళ్ళీ తలుచుకోలేదు. నేనూ తలుచుకోలేదు. చలిమిడి బాగా కుదిరిందని మాట్లాడుకుంటూ వచ్చాం.

దసరా వచ్చేసరికి గుండ్రటి కట్టడం పూర్తి కావచ్చి, వెనక పాకలు ఖాళీ చేయించారు. కూలీల్లో కొందరు పుప్పాలగూడ అవతల క్వారీ దగ్గరికి పోయారని చెప్పారు. వ్యాను అంత దూరం, ఆ రాళ్ళ దారిలో పోలేదని మండలివాళ్ళు ఆదివారం అన్నదానం నిజాంపేట వైపు మార్చారు. అక్కడ నీళ్ళు పోస్తున్నప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

కార్తీకంలో పెద్దమ్మగారి మేడ మీద నామసప్తాహం పెట్టారు. ఏడు రోజులు ఆగకుండా నామం సాగాలి. అఖండదీపం కొండెక్కకూడదు. వంతులు వేసుకుని పగలూ రాత్రీ పాడుతున్నారు. గుమ్మానికి మామిడి తోరణం కట్టి, తలస్నానం చేసి మడిబట్ట కట్టుకుంటే తప్ప లోపలికి రానివ్వడం లేదు. గురువారం పొద్దున నా వంతు అయి, బయట వసారాలో చెప్పులు వేసుకుంటున్నాను. గేటు దగ్గర ఆకుపచ్చ చీర కనిపించింది.

ఆమె వచ్చింది. మేము పెట్టిన చీర కట్టుకుని, మేము తొడిగిన గాజులతో, బాగా కిందికి జారిన పొట్టతో. ఒక చేతిలో బట్టల మూట. వెనక మొగుడు, భుజాన సంచి.

"దొరికింది సూడు! ఓంకారం సూస్కుంట వచ్చినం," అంది నన్ను చూడగానే.

మొగుడు సంచి దించి వసారా గట్టు మీద పెట్టాడు. సీతాఫలాలు. అత్తవారింటికి అల్లుడు వట్టి చేతులతో రాడు కదా. నేను లోపలికి పరుగెత్తి పెద్దమ్మగారిని పిలుచుకొచ్చాను. ఆవిడ కళ్ళు చికిలించి చూశారు. గాజులు చూశాక గుర్తుపట్టారు.

మొగుడు చేతులు జోడించాడు. అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. వచ్చే దారంతా కూడబలుక్కుని ఉంటాడు.

"నెలలు నిండినయమ్మా. మీ బిడ్డను మీ చేతులల్ల పెడుతున్న. కాన్పయినంక నేనొచ్చి తీస్కపోత."

లోపల నామం సాగుతూనే ఉంది. పెద్దమ్మగారు ఏదో అనబోయి ఆగారు. అప్పటికే మండలి కార్యదర్శి గారు తలుపు దగ్గరికి వచ్చారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. తెల్లవారుజామున అందరికంటే ముందు వచ్చి పొయ్యి రాజేసేది ఆవిడే. పెద్దమ్మగారిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. కానీ వసారా చిన్నది.

"అఖండదీపం వెలుగుతోందండీ లోపల. ఈ పూటో రేపో అన్నట్టుంది ఆ పిల్ల. పురుడొస్తే పది రోజులు మైల. ఇంతమంది దీక్షలో ఉన్నారు. మధ్యలో నామం ఆగితే ఏమని చెబుతాం?"

పెద్దమ్మగారు వచ్చి ఆమె తల మీద చెయ్యి వేయబోయి, మడి గుర్తొచ్చి, ఆ చెయ్యి గాల్లోనే ఉంచుకున్నారు.

"ఆదివారంతో పూర్తవుతుంది తల్లీ. సోమవారం పొద్దున్నే రా. కింద గది కడిగించి, మంచం వేయించి ఉంచుతాను. నాలుగు రోజులే కదా."

ఆమె పెద్దమ్మగారి వంక చూసింది, నా వంక చూసింది.

"గట్లనే అమ్మా. దేవుని పనికి అడ్డమొస్తమా?"

అన్నం తిని వెళ్ళమన్నారు. వసారాలో ఆకులు వేశారు. నేనే వడ్డించాను. ఆమె ఆకు చూసి, తలెత్తి, నాకు మాత్రమే వినబడేలా అంది. "మల్ల పసుపు బువ్వనే అక్కా." నాకు నవ్వు రాలేదు. ఆమే నవ్వింది.

బస్‌స్టాపు దాకా వాళ్ళ వెంట వెళ్ళాను. మెహదీపట్నం పోయి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, పుప్పాలగూడలో దిగి క్వారీ దాకా నడవాలి. ఆమె పది అడుగులకోసారి ఆగుతోంది. రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టాను. అడిగాను.

"మా ఇంటికి వస్తావా? మా అమ్మతో నేను చెబుతాను."

"నీ ఇల్లా? కిరాయిల్లే గద అక్కా అది," అంది. "ఇంటోళ్లు ఒప్పుకుంటరా?"

ఓనరు గారి షరతు నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

"పోనీ, దవాఖానకు వెళదామా ఇప్పుడే?"

"నొప్పులు రాంది దవాఖానల ఏం జేస్తరు? పండుకోబెట్టుకుంటరా? సోమవారమే గద. నాలుగు దినాలు ఆగదా ఇది?" అని పొట్ట మీద చిన్నగా కొట్టింది. "నా లెక్కనే ఉంటది. మొండిది."

బస్సు వచ్చేముందు మొగుడు సీతాఫలాల సంచి నా చేతికిచ్చాడు. వద్దన్నాను. "తల్లిగారింటికని తెచ్చినం," అన్నాడతను నేల చూస్తూ. "మల్ల తీస్కపోతరా ఎవరన్న?" తీసుకున్నాను. సోమవారం బస్‌స్టాపుకు నేనే ఎదురొస్తానని చెప్పాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుంటే నాతో ఒక మాట అంది.

ఆదివారం పూర్ణాహుతి అయింది. ఆ సాయంత్రమే పెద్దమ్మగారు కింద గది కడిగించారు. నవారు మంచం వేయించారు. మెత్తటి పాత నూలు చీరలు చింపి, ఉతికి, పొత్తిగుడ్డలు మడత పెట్టారు. శొంఠి, మిరియాలు, పాత బెల్లం తెప్పించారు. నన్ను పిలిచి అన్నీ చూపించారు. ఆవిడ సోమవారం రమ్మన్నది వదిలించుకోవడానికి అన్న మాట కాదు. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

సోమవారం పొద్దున నేను బస్‌స్టాపులో నిలబడ్డాను. మెహదీపట్నం నుంచి వచ్చే ప్రతి బస్సూ చూశాను. మధ్యాహ్నం పెద్దమ్మగారే గొడుగు వేసుకుని అక్కడికి వచ్చారు. ఇద్దరం కలిసి చూశాం.

మంగళవారం ఆటో మాట్లాడుకుని ఆవిడా నేనూ పుప్పాలగూడ వెళ్ళాం. ఊరు దాటాక దారి పోయింది. దిగి నడిచాం. క్వారీ గుంట ఒడ్డున పాకలు కనిపించాయి. ముసలమ్మ బయటే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టింది. లేవలేదు.

"ఇప్పుడొచ్చిండ్రా అమ్మా."

అందులో నిష్ఠూరం లేదు. అలసట మాత్రమే ఉంది.

"శనివారం పొద్దుగాల్ల నొప్పులొచ్చినయి. బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతుల ఎంతమందిని తీసిన, ఇది నాతోటి కాలె. దవాఖానకు తీస్కపోదమంటె బండి లేదు. టిప్పర్ దొరికేటాళ్లకు మాపయింది. రోడ్డెక్కకముందే పాణం పోయింది. కడుపుల బిడ్డ కడుపులనే. ఊరికి తీస్కపోయిండు వాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సోమవారం ఎప్పుడొస్తదని అడుగుతనే ఉండె పిల్ల. మీకు కబురు పెట్టాలె, ఒడి నింపినోళ్లు గద. వాడు ఊరికి పాయె. నాకేమొ మీ ఇల్లు తెల్వదు."

పెద్దమ్మగారు ఒక రాయి మీద కూర్చుండిపోయారు. ఏడవలేదు. కాసేపటికి, ఆమె ఏ పాకలో ఉండేదని అడిగారు. ముసలమ్మ చూపించింది. తడిక తలుపు సందులోంచి ఏమీ కనిపించలేదు, మూడు రాళ్ళ పొయ్యి తప్ప. పెద్దమ్మగారు ఆ పొయ్యినే చూస్తూ ఉన్నారు.

గులాబీరంగు మేడ దగ్గర ఆటో దిగాక ఆవిడ గేటు లోపలికి అడుగు పెట్టలేదు. బయటే నిలబడి కోడలిని కేకేశారు.

"రెండు బిందెల నీళ్ళు తెచ్చి నా నెత్తిన పొయ్యి."

కోడలు బిత్తరపోయింది. కార్యదర్శి గారు ఎదురింటి నుంచి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో, ఏమైందండీ? ఎవరు పోయారు?"

"మా అమ్మాయి."

"మీకు అమ్మాయి ఎక్కడిదండీ?"

ఆవిడ కట్టుచీరతోనే, వీధిలో, నీళ్ళు పోయించుకున్నారు. పెళ్ళయిన కూతురు పోతే కన్నవాళ్ళకు మూడు రోజులు మైల. ఆ మూడు రోజులూ ఆవిడ దేవుడి గది తలుపు తీయలేదు. రెండు రోజుల క్రితం వరకూ ఆరిపోకుండా కాపాడిన దీపం అక్కడే, వెలిగించకుండా ఉండిపోయింది. ఆ గురువారం భజన లేదు. పెద్దావిడకు మతి చలించిందని కొందరు అన్నారు. కార్యదర్శి గారు మాత్రం ఏమీ అనలేదు. పొద్దున్నే క్యారేజీలో అన్నం వండి తెచ్చి గుమ్మం బయట పెట్టి వెళ్ళేవారు, చావు జరిగిన ఇంటికి పెట్టినట్టు. ఆవిడ కళ్ళు కూడా ఉబ్బి ఉండటం నేను చూశాను.

ఆ మంగళవారమే నేనూ ఇంటికొచ్చి తలారా స్నానం చేసి, చాప వేసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. అక్కకు ఎన్నాళ్ళు పట్టాలో నాకు తెలియదు. పెద్దమ్మగారు పట్టినన్నాళ్ళు పట్టాను. డైరీలో ఆ రోజుల పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఒక కథ రాయాలని చూశాను, ఆమె సోమవారం బస్సు దిగినట్టు. పుస్తకం రాసినోడు లేడు, నువ్వున్నవు కదా అన్నట్టు. రెండు వాక్యాలు కూడా సాగలేదు.

ఇప్పుడు ఆ గుండ్రటి కట్టడంలోనే ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం. రోజూ మెట్లెక్కుతాను. మూడో అంతస్తు దాకా మాలు మోశానని ఆమె ఒకసారి చెప్పింది. మా సీట్లు రెండో అంతస్తులోనే.

మైల మూడో రోజు, అమ్మ వంటింట్లో నుంచి పిలిచింది.

"బియ్యం డబ్బాలో ఈ సీతాఫలాలు ఎవరు పెట్టారే? మగ్గిపోయి, పగిలి, బియ్యమంతా జిగురు జిగురైంది. చూసుకోవద్దూ?"

నేను లేచి వెళ్ళలేదు. వంటిల్లు ముట్టుకోకూడదు కదా. పండిన వాసన హాల్లోకి వచ్చింది. బస్సు కిటికీలో నుంచి వంగి, గాజుల చెయ్యి ఊపుతూ, ఇంజను చప్పుడు మీద వినిపించాలని గట్టిగా ఆమె నాతో అన్న మాట ఇది.

"పండ్లను బియ్యంల పెట్టక్కా! సోమవారం దాంక మంచిగ పండుతయి. నేనొచ్చినంక తిందాం."